రెండు బ్యాటరీలు, ఒక నూలు పోగు

1997 మార్చి 3వ తేదీ, సోమవారం, సాయంత్రం నాలుగున్నరకు మా సర్వే శిబిరం అమ్రాబాద్ దాటి గుట్టల మీద ఒక వాగు పక్కన దిగింది. మూడు గుడారాలు, ఒక జీపు, లెవెల్ యంత్రం, అంకెలు రాసిన నాలుగు మీటర్ల స్టాఫ్ కర్రలు రెండు. వీటితో పాటు ఏ సర్వే శిబిరపు సామాను జాబితాలోనూ ఉండని మూడు రకాల వస్తువులు ఆ రోజు జీపులోంచి దిగాయి. పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు, చెక్కపెట్టెలో అమర్చిన ఇన్వర్టర్ ఒకటి, బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న నా ఊపిరి యంత్రం. దగ్గరి కరెంటు స్తంభం అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు.

దానిని సీప్యాప్ అంటారు. అందులో ఒక చిన్న మోటారు గాలిని తోస్తుంది. ఆ గాలి గొట్టం గుండా ముక్కుకు తగిలించిన తొడుగులోకి వచ్చి, నిద్రలో మూసుకుపోయే గొంతును తెరిచి ఉంచుతుంది. హైదరాబాద్ డాక్టరు నాకు నిర్ణయించిన ఒత్తిడి పది సెంటీమీటర్ల నీరు. మందుచీటీ మీద ఆ మాట చూసినప్పుడు నాకు కొంత ధైర్యం కలిగింది. ముప్పై ఏళ్లుగా ఎత్తుపల్లాలను సెంటీమీటర్లలో కొలిచినవాడికి తన జబ్బు కూడా సెంటీమీటర్లలో ఉండటం పరిచయమైన విషయంలాగే తోచింది.

ఆ పది రోజుల శిబిరం నాకు పరీక్ష అని అక్కడున్న అందరికీ తెలుసు. ఎందుకో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

నేను గురక పెడతానని శిబిరాలలో 1986 నుంచే చెప్పుకునేవారు. మా జీపు డ్రైవరు నల్గొండ వాడు, నా ఈడువాడు, ముస్లిం. పదకొండేళ్లు నాతో ఒకే గుడారంలో పడుకున్నాడు. పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ, "సార్, రాత్రి గుడారంల లారీ వెట్టిండ్రా ఏంది? గేర్లు మార్చిన సప్పుడు గూడ ఇనొచ్చింది," అనేవాడు. ఒకసారి మాత్రం నవ్వకుండా, "లారీ అయితే నయమే సార్. ఆగితే ఆగినట్టుంటది. మీది ఆగుతది, మల్ల లేస్తది. ఆగినప్పుడే నాకు బుగులు," అన్నాడు. దానినీ నేను వేళాకోళంలోనే కలిపేశాను.

నా భార్య పోచంపల్లి నేతవారింటి ఆడపడుచు. పెళ్లికి ముందు పదేళ్లు ఆసు పోసింది. ఆసు అంటే మేకుల చుట్టూ నూలును ముందుకూ వెనక్కూ తిప్పి, చీరకు కావలసిన పోగులను లెక్క తప్పకుండా సిద్ధం చేసే చట్రం. ఆ పనిలో పెరిగినవాళ్లు నోటితో లెక్కపెట్టరు. లెక్క వేళ్లలో ఉంటుంది. నిద్రలో నా ఊపిరి ఆగుతోందని ఆమె నాలుగేళ్లు చెప్పింది. ఎన్నిసార్లో చెప్పమని నేను నాలుగేళ్లు అడిగాను. 1995 ఆగస్టులో ఒక పొద్దున ఆమె నా ముందు ఒక తెల్లని నూలు పోగు పెట్టింది. దాని పొడవునా ముళ్లు ఉన్నాయి.

"ఆగినప్పుడల్ల ఒక ముడి ఏసిన. గంటల ముప్పై ఎనిమిది."

"ఏ గంట?"

"గోడ గడియారం గొట్టంగ మొదలువెట్టిన, మల్ల గొట్టినంక ఆపిన."

"ఎన్ని గొట్టింది?"

"ఇనలే. నీ ఊపిరి ఇనాల్నా, గడియారం ఇనాల్నా?"

"సమయం లేని అంకె లెక్కలోకి రాదే."

"లెక్కల రాకుంటే ఆగింది ఆగనట్టయితదా?" అని ఆమె పోగును మడిచి, తన కుట్టుపెట్టెలో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సమయం వేయలేదన్న కారణంతో ఆ అంకెను నేను ఎక్కడా నమోదు చేయలేదు. ఆ నిర్ణయానికి ఇప్పుడు సంజాయిషీ ఏదీ చెప్పను.

1996 జనవరిలో పానగల్ వైపు ఒక లెవెల్ పని చేశాం. లెవెల్ పని పద్ధతి సులభమే. ఎత్తు తెలిసిన ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి, కర్ర మీద అంకెలు చదువుకుంటూ ముందుకు పోయి, చుట్టు తిరిగి మళ్లీ ఆ గుర్తు దగ్గరికే రావాలి. బయలుదేరిన ఎత్తుకూ తిరిగివచ్చిన ఎత్తుకూ తేడా సున్నా కావాలి. సున్నా ఎన్నడూ రాదు కనుక కొన్ని మిల్లీమీటర్ల మినహాయింపు ఉంటుంది. ఆ చుట్టులో నాకు వచ్చిన తేడా ఒక మీటరు మీద రెండు మిల్లీమీటర్లు. ఎక్కడో 1.385కు బదులు 2.385 అని రాసుకున్నాను. దానిని పట్టుకున్నది నా కింద పనిచేసే సర్వేయరు. మహబూబ్‌నగర్ అతను, అప్పటికి ముప్పై మూడేళ్లు. తప్పు పట్టుకున్న సంతోషం అతని ముఖంలో ఏమాత్రం లేదు. "సార్, ఆ కర్ర కాడ మీరు కండ్లు మూసుకున్నరు. నేను చూసిన. అప్పుడు చెప్పలేకపోయిన," అన్నాడు.

లెవెల్ యంత్రానికి కన్ను ఆనించి, అలాగే నిద్రపోయాను. హైదరాబాద్ డాక్టరు దగ్గరికి వెళ్లడం, పరీక్షలు, ఊపిరి యంత్రం తెప్పించుకోవడం అన్నీ ఆ తర్వాతివి. ఇంట్లో యంత్రంతో నిద్రపోయిన మొదటి వారంలోనే, అలసట లేకుండా లేవడం ఎలా ఉంటుందో నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. అయితే కార్యాలయం నన్ను అప్పటికే ఫీల్డు నుంచి తప్పించింది. నల్గొండలో రికార్డు గది ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది, నాకు పదవీ విరమణకు నాలుగేళ్లు ఉన్నాయి. ఆ రెండు విషయాలనూ కలిపి చూడటం మా పై అధికారికి కష్టం కాలేదు.

నేను ఒక్క శిబిరం అడిగాను. కారణం ఉంది. నల్గొండ జిల్లా వైపు నుంచి 1984లో నేను మొదలుపెట్టిన ఎత్తుగుర్తుల వరుస పదమూడేళ్లలో మెల్లగా మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చింది. అమ్రాబాద్ గుట్టల మీద ఇరవై ఐదు కిలోమీటర్ల చుట్టు ఒక్కటే మిగిలింది. అధికారి షరతు ఒకటే పెట్టారు. ఆ చుట్టును నా కంటితో చదివి, అరవై మిల్లీమీటర్ల పరిమితిలో మూస్తే మిగిలిన నాలుగేళ్లు ఫీల్డులో ఉంటాను. లేకపోతే రికార్డు గది. కరెంటు లేని చోట పది రాత్రులు ఎలా నిద్రపోతానన్నది మాత్రం నా తలనొప్పి.

నేను దానిని లెక్కగానే చూశాను. యంత్రం వాడేది నలభై వాట్లు. బ్యాటరీ మీద రాసి ఉన్నది పన్నెండు వోల్టులు, ఎనభై ఆంపియర్ గంటలు. గుణిస్తే తొమ్మిది వందల అరవై. నలభైతో భాగిస్తే ఇరవై నాలుగు గంటలు. రాత్రికి ఏడు గంటల నిద్ర చొప్పున ఒక్కో బ్యాటరీకి మూడు రాత్రులు దాటుతుంది. రెండింటికి దాదాపు ఏడు. మధ్యలో జీపు సరుకులకు అచ్చంపేట వెళ్లినప్పుడు ఒకదానిని ఛార్జింగ్‌కు ఇస్తే పది రాత్రులూ గడిచిపోతాయి.

బ్యాటరీలు నల్గొండలో కిరాయికి తీసుకున్నాను. పల్లెల్లో మైకుసెట్లకూ, కరెంటు పోయినప్పుడు టీవీలకూ ఇచ్చే కొట్టు అది. కొట్టు యజమాని నా కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎనభై రాసిందని ఎనభై తోడొద్దు సార్. సగం కాడ ఆపి మల్ల ఛార్జింగ్ వెట్టుండ్రి."

"సగమే వాడేదైతే నలభై అనే రాయొచ్చు కదా?"

"నలభై అని రాస్తే ఎవలు గొంటరు సార్?" అని నవ్వాడు. "పైంగ మీ డబ్బ గూడ జరంత తింటది," అని ఇన్వర్టర్‌ను చూపించాడు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే ఆ పెట్టెను మా వీధి రేడియో రిపేరు మనిషి చేసి ఇచ్చాడు. అది ఎంత తింటుందో కొట్టు యజమాని అంకెలో చెప్పలేకపోయాడు. అంకె లేదు కనుక ఆ మాటను నేను లెక్కలో కలపలేదు.

బయలుదేరే పొద్దున నా భార్య జీపు దగ్గరికి వచ్చి, డ్రైవరు చేతిలో ఒక నూలు చిలప, చిన్న పోగుల కట్ట, పెట్టింది.

"అన్నా, ఇది నీ తాన ఉంచు. మిషన్ లేని రాత్రి వొస్తే గంట సేపు కూసోని, ఊపిరి ఆగినప్పుడల్ల ఒక ముడి ఎయ్యి. ఈయనకు మాట చెప్తే ఎక్కదు."

"గట్లనే చెల్లె. గడియారం గూడ జూసి ఏస్త. లేకుంటే సార్ నా ముళ్లు గూడ కొట్టేస్తడు," అన్నాడు డ్రైవరు. ఆ పాత సంగతి ఆమె అతనికి ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు.

మొదటి రాత్రి యంత్రం ఏడు గంటలు నడిచింది. పడుకునేముందు మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు. పొద్దున ఐదు గంటలకు 12.1. ఇన్వర్టర్ 10.5 దగ్గర ఆగిపోతుందని రేడియో మనిషి చెప్పాడు. ఏడు గంటలకు అర వోల్టు చొప్పున 10.5 దాకా దిగడానికి ఇరవై తొమ్మిది గంటలు పడుతుంది. కాగితం మీద వేసిన ఇరవై నాలుగు కంటే ఐదు గంటలు ఎక్కువే. దానిని నోటుబుక్కులో రాసుకుని గీత గీశాను.

ఆ తప్పు సర్వే చేసేవాడు తప్ప ఇంకెవరూ చేయరు. రెండు గుర్తుల ఎత్తు తెలిస్తే వాటి మధ్య నేల ఒకే వాలులో ఉందనుకుని గీత కలపడం మా చేతికి అలవాటు. బ్యాటరీ వోల్టేజీ అలా దిగదు. చాలాసేపు చదునుగా పోయి, అంచు వచ్చాక ఒక్కసారిగా జారుతుంది. ముప్పై ఏళ్లు గుట్టలు కొలిచిన నేను ఆ గుట్టను కాగితం మీద చదును చేశాను.

రెండో రాత్రి 1.20కి ఇన్వర్టర్ కూతపెట్టి ఆగింది. మొత్తం పది గంటల ఇరవై నిమిషాలు. ఇరవై నాలుగు కాదు, ఇరవై తొమ్మిది అసలే కాదు.

5వ తేదీన ఆ బ్యాటరీని డ్రైవరు అచ్చంపేటలో ఛార్జింగ్‌కు ఇచ్చి వచ్చాడు. పోను రాను డెబ్భై కిలోమీటర్లు. ఆ రాత్రి రెండో బ్యాటరీ కలిపాను. 6వ తేదీ రాత్రి 1.05కు అది కూడా ఆగింది.

ఆ నాలుగు రోజుల పని మాత్రం సక్రమంగానే జరిగింది. ఎండలో నేల మీద గాలి అలలుగా లేచి కర్ర మీది అంకెలు ఆడతాయి కనుక పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత మాత్రమే చదివేవాళ్లం. గుట్ట వాలులో మోదుగలు ఎర్రగా పూసి ఉన్నాయి. నేను చదివి రాసుకుంటాను, మహబూబ్‌నగర్ సర్వేయరు పక్కన నిలబడి మరో పుస్తకంలో లెక్క సరిచూస్తాడు. కూలీలు కర్రలు పట్టుకుంటారు. నాలుగు రోజులకు పన్నెండు కిలోమీటర్లు. సగం రాత్రుల నిద్ర నన్ను అంతవరకు మోసింది. అంతకు మించి మోయలేదని 6వ తేదీ సాయంత్రానికే నాకు తెలుసు.

7వ తేదీ శుక్రవారం. డ్రైవరు అచ్చంపేటలో నమాజు చేసుకుని సాయంత్రం తిరిగి వచ్చాడు. జీపు వెనుక తలుపు తెరవకుండానే, "సార్, మీ బ్యాటరీల ఒక సెల్లు సచ్చిందట," అన్నాడు.

"సచ్చిందంటే?"

"ఛార్జింగ్ కొట్టాయన ఆరు మూతలిప్పి, గాజు గొట్టం ముంచి జూసిండు. ఐదింట్ల గొట్టం లోపలి బుడ్డి లేసింది, ఒకదాంట్ల అడుగునే గూసున్నది. రెండు దినాలు కరెంటు ఎక్కిచ్చినా లేవలేదు. 'ముందే పాతది, మీ సార్ అడుగంట తోడిండు' అన్నడు. రెండోది ఇచ్చొచ్చిన. తొమ్మిదో తారీఖు సాయంత్రం ఇస్తడట. ఆడ గూడ పొద్దంత కరెంటు లేదు."

అంటే ఆ రాత్రికీ, మర్నాటి రాత్రికీ యంత్రం లేదు.

డ్రైవరు బానెట్ ఎత్తాడు. "జీపు బ్యాటరీ తీస్కోండ్రి. పొద్దుగాల వాలుకు దొబ్బి స్టార్ట్ చేస్త."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"రాత్రి ఎవరినైనా పాము కరిస్తే?"

"పాముకు మీ గురక ఇనవడ్డంక ఇటు దిక్కు వొస్తదా సార్?"

కూలీలు నవ్వారు, నేనూ నవ్వాను. జీపు బ్యాటరీ మాత్రం తీయనివ్వలేదు. గుట్ట మీద పదకొండు మందిమి ఉన్నాం, బండి ఒకటే.

ఆ రాత్రి గురించి నా దగ్గర నా అంకె ఏదీ లేదు. 8వ తేదీ పొద్దున లేచేసరికి నోరు ఎండిపోయి, తల వెనుక బరువు పెట్టినట్టు ఉంది. అయినా ఆరున్నరకు లెవెల్ నిలబెట్టాను. పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం, మొత్తం మూడు కిలోమీటర్లు చదివాను. గుడారంలో కూర్చుని పేజీల కింద సరిచూపు వేశాను. వెనుక కర్ర మీద చదివిన అంకెల మొత్తం నుంచి ముందు కర్ర మీద చదివిన అంకెల మొత్తం తీసివేస్తే వచ్చేదీ, నేల ఎక్కిన ఎత్తుల నుంచి దిగిన ఎత్తులు తీసివేస్తే వచ్చేదీ ఒకటే కావాలి. రెండూ 18.462 మీటర్లు వచ్చాయి.

లెవెల్ యంత్రాన్ని పెట్టెలో పెట్టబోతే మూత పిడికి ఒక నూలు పోగు చుట్టి ఉంది.

డ్రైవరు దూరం నుంచే అన్నాడు. "రాత్రి పదకొండు కాడికెళ్లి పన్నెండు దాకా సార్. గడియారం జూసిన. చెల్లె చెప్పిన పని."

లెక్కపెట్టాను. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటి. సమయంతో సహా నోటుబుక్కులో రాసుకున్నాను: అరవై నిమిషాలలో నలభై ఒక్కసార్లు. ఆ గంట నేను నిద్రపోయానో, నలభై ఒక్కసార్లు మేలుకున్నానో చెప్పడం కష్టం.

ఫీల్డుబుక్కు తెరిచి ఆ రోజు పేజీలు ఒక్కొక్కటే చూశాను. ఏడో స్థానం నుంచి పదో స్థానం దాకా అంకెలు నా చేతిరాతే. నిలువు గీతలు తిన్నగా ఉన్నాయి. కానీ ఆ నాలుగు చోట్ల లెవెల్ ఎక్కడ నిలబెట్టానో, కర్ర ఏ రాయి మీద ఉందో, పక్కన ఏముందో ఒక్కటీ జ్ఞాపకం లేదు. కింద వేసిన సరిచూపు నేను కూడికలు సరిగ్గా చేశానని చెబుతుంది. చదివినప్పుడు నా కన్ను తెరిచి ఉందో లేదో అది చెప్పదు. పానగల్ దగ్గర పోయిన మీటరు కూడా సరిచూపు దాటుకునే వెళ్లింది.

పేజీల మీద మూల నుంచి మూలకు గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాను. సర్వేయరు పరుగున వచ్చాడు.

"సార్, ఏం జేస్తున్నరు? లెక్క కుదిరింది గదా!"

"ఏడో స్థానం ఎక్కడ పెట్టినం?"

"వాగు మలుపు కాడ. తునికి చెట్టు కింద."

"నాకు యాదికి లేదు."

అతను వంగి కొట్టేసిన పేజీలు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "నేను పక్కనే ఉన్న సార్. ఈసారి మీరు కండ్లు మూయలే," అన్నాడు.

"మూయలేదని నువ్వు చెప్తున్నవు. చదివింది నేను. నేను చెప్పాలె."

మర్నాడు, 9వ తేదీ, ఆ మూడు కిలోమీటర్లు మళ్లీ చేశాం. లెవెల్ దగ్గర అతను నిలబడ్డాడు. కర్ర నేను పట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి కూలీ చేసే పని నా చేతికి వచ్చింది. కర్ర పట్టుకునేవాడు కదలకుండా నిలువుగా నిలబడితే చాలు, ఏ అంకెనూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. యంత్రం లేని రెండో రాత్రి గడిపిన ఆ పొద్దున నేను చేయగలిగింది అంతే. వాగు మలుపు దగ్గర తునికి చెట్టు ఉంది. దానిని అప్పుడే మొదటిసారి చూసినట్టు ఉంది.

సాయంత్రం సర్వేయరు తన పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. అతనికి వచ్చింది 18.458. నేను కొట్టేసింది 18.462. తేడా నాలుగు మిల్లీమీటర్లు. మూడు కిలోమీటర్లకు ఇరవై దాకా మినహాయింపు ఉంది.

"మీయి సరిగ్గనే ఉన్నయి సార్," అన్నాడు. "కొట్టేసిన పేజీల కింద 'సరిచూడబడినది' అని నేను రాసి సంతకం వెడ్త. చుట్టు మీ కంటితోనే అయినట్టు లెక్క. మిగిలిన పది కిలోమీటర్లు మీరే చదువుండ్రి. బ్యాటరీ గూడ వొచ్చింది."

బ్యాటరీ వచ్చిన మాట నిజమే. డ్రైవరు దానిని అప్పుడే దించాడు. ఆ రాత్రి యంత్రం పెట్టుకుని ఏడు గంటలు నిద్రపోయాను.

10వ తేదీ పొద్దున తల తేలికగా ఉంది. నోటుబుక్కు తెరిచి బ్యాటరీలకు కొత్త లెక్క వేశాను. మంచి బ్యాటరీ ఒకటి పది గంటలు. అంటే ఒక రాత్రి పూర్తిగా, రెండో రాత్రి సగానికి లోపు. సగం దగ్గర ఆపాలన్న నల్గొండ మాట వింటే ఒక రాత్రి కూడా నిండదు. ఛార్జింగ్‌కు రెండు రోజులు. ఒక మనిషి నిద్రకు జీపు రోజు విడిచి రోజు డెబ్భై కిలోమీటర్లు తిరగాలి. అది తిరిగినంతసేపు శిబిరానికి బండి ఉండదు. ఇలాగే నాలుగేళ్లు. ఈసారి గుణకారంలో నేనేమీ వదలలేదు. ఇన్వర్టర్ తినేది కూడా కలిపాను.

కొట్టేసిన పేజీలలోని అంకెలు సరైనవే. అవి సరైనవని తెలియడానికి మరో మనిషి మరో రోజంతా నడవవలసి వచ్చింది. నేను చదివిన ప్రతి రోజుకూ అలా ఇంకొకరు నడవాలంటే అక్కడ నేను అనవసరం.

సర్వేయరు లెవెల్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. నేను లేచి కర్ర తీసుకున్నాను. అతను పెట్టె ఎత్తుకుని ముందు నడిచాడు.

12వ తేదీ సాయంత్రం ఐదుంబావుకు చుట్టు మూశాం. తేడా ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. పదమూడేళ్ల వరుస కలిసింది. ఫీల్డుబుక్కు చివరి పేజీలో 'పరిశీలకుడు' అన్న చోట మొదటి పన్నెండు కిలోమీటర్లకు నా పేరు, తర్వాత పదమూడు కిలోమీటర్లకు అతని పేరు రాసి, కర్ర పట్టినవారి జాబితాలో కూలీల పేర్ల కింద నా పేరు చేర్చాను. 'సరిచూడబడినది' అని రాయనివ్వలేదు.

"అధికారి ఏమంటడో సార్," అన్నాడు అతను.

"చుట్టు నా కంటితో మూయాలన్నడు. మూయలేదు. ఆయన అనేదానికేముంది."

13వ తేదీ మధ్యాహ్నానికి నల్గొండ చేరాను. నా భార్య చుట్టు మూసుకుందా అని అడగలేదు. చెప్పుల మీద దుమ్ము దులుపుకుంటుండగానే, "పోగేది?" అంది.

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె ముగ్గును చెరపకుండా పక్కకు జరిగి, గడప మీద కూర్చుని, పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారవిడిచింది. చూపు మాత్రం వీధి వైపే ఉంది.

"నలభై రెండు."

"నలభై ఒకటి. రెండుసార్లు లెక్కవెట్టిన."

"కండ్లతోని లెక్కవెట్టినవు. ఈడ ఒకదాని మీద ఒకటి రెండు పడ్డయి. అన్నకు నిద్ర వొచ్చినట్టుంది పాపం." ఆమె సూది తెచ్చి ఆ చోటును వదులు చేసి చూపించింది. రెండు ముళ్లే.

నోటుబుక్కు తీసి, 8వ తేదీ పేజీలో 41 మీద ఒక గీత కొట్టి, పైన 42 అని రాసి, పక్కన పొడి అక్షరాలు వేశాను. దిద్దుబాటుకు నియమం అదే. రికార్డు గదికి మార్చమని నేనే పెట్టుకున్న దరఖాస్తు తేదీ మార్చి 17. మిగిలిన నాలుగేళ్లూ ఆ గదిలోనే, ఇతరులు చదివిన అంకెల మధ్య గడిచాయి. రాత్రుళ్లు ఇంటి గోడకున్న ప్లగ్గుతో యంత్రం నడిచింది.

ఆ 13వ తేదీ సాయంత్రం ఇంకొక పని కూడా చేశాను. పాత పోగు ఉందా అని అడిగాను. ఆమె కుట్టుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. సూదుల కింద, మడత కూడా విప్పకుండా ఉంది. దానిని నేను లెక్కపెట్టలేదు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, 1995 ఆగస్టు అని రాశాను. తేదీ గడి, సమయం గడి ఖాళీగా వదిలాను. పరిశీలకుడు అన్న చోట ఆమె పేరు రాశాను. అంకె గడిలో 38 వేశాను.